రాబోయే చిరుత, వాకిట్లో నేను

నేను ఒక పాత కారుని. కానీ ఆ ఆదివారం పొద్దున్న మా ఇంట్లో రేగిన గొడవ నా గురించి కాదు. టీవీ రిమోటుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు గురించి.

నేను నిలబడేది పోర్టికోలో. నాకూ భోజనాల గదికీ మధ్య ఒక్క కిటికీయే అడ్డం. దానికి దోమల జాలీ తప్ప మరేమీ లేదు కనుక ఆ గదిలో ఎవరు ఏమన్నా నా చెవిన పడుతుంది. టీవీ ఉన్నదీ అక్కడే. ఇంటాయన త్రినాథరావు గారు ఇడ్లీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఇంకా మార్కెట్టులోకి రాని ఒక కారు గురించి ఎవరో కుర్రాడు చెబుతున్న కబుర్లు వింటున్నారు. సరిగ్గా ఇంజను సంగతి దగ్గరికి వచ్చేసరికి కుర్రాడు రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. త్రినాథరావు గారు రిమోటు నొక్కారు. మళ్ళీ నొక్కారు. రిమోటును అరచేతి మీద కొట్టి, టీవీకి దగ్గరగా చాచి నొక్కారు.

"ఈ రిమోటు పోయింది. కొత్తది తేవాలి."

"దానికేం రోగం లేదండి. కాస్త గట్టిగా నొక్కండి," అని వంటింట్లోంచి హైమావతి గారు.

"ఇంకెంత గట్టిగా నొక్కమంటావు? బొటనవేలు అరిగిపోయింది. నువ్వు తొడిగిన ఈ చొక్కా మీద నుంచి నొక్కితే దానికెలా తెలుస్తుంది, నొక్కేనని?"

"చట్నీ చేత్తో పట్టుకుంటారనే కదా తొడిగింది."

పర్రుమని చప్పుడైంది. కవరు చిరిగింది. మరుక్షణం కుర్రాడి గొంతు వీధి చివరిదాకా వినబడింది. "చూసేవా! రిమోటు శుభ్రంగా ఉంది. కవరుతోనే వచ్చింది చిక్కంతా!" అని త్రినాథరావు గారు విజయగర్వంతో అరిచారు. "ఐదేళ్ళు కాపాడేను, అయిదు నిమిషాల్లో చింపేసేరు," అన్నారు హైమావతి గారు.

మహానుభావా, ఇంకొక్క అడుగు ముందుకు ఆలోచించు, అని నాకు అరవాలనిపించింది. కానీ నాకున్న నోరు హారను. దానికి తెలిసింది ఒకటే మాట. ఎందుకు అరవాలనిపించిందో తెలియాలంటే నా సంగతి కాస్త వెనకనుంచి చెప్పాలి.

నేను పుట్టింది చెన్నపట్నం అవతల ఒక పెద్ద కర్మాగారంలో. పుట్టిననాడు నాకు తెల్లరంగు వేసి, కడుపులో ఇంజను అమర్చాక, ఒక పెద్దమనిషి నా చుట్టూ తిరిగి చూసి, బానెట్టు మీద చరిచి పంపించాడు. ఆ దెబ్బలో మెచ్చుకోలు ఉందని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. పొడుగాటి లారీ ఎక్కి కాకినాడ చేరాను. అక్కడ నన్ను కొన్నావిడ ఇందుమతి గారు, పురుళ్ళ డాక్టరు.

ఆవిడ చేతిలో నేను నడిచిన నడక వేరు. పిఠాపురం నుంచో తుని నుంచో ఫోను వచ్చేది. ఆవిడ తలుపు వేసుకుని, చెప్పులు విడిచి పక్కన పడేసి, ఉత్త పాదంతో యాక్సిలరేటరు మీద కాలు వేసేవారు. నేల దాకా తొక్కేవారు. నాకు కావలసిందీ అదే. మాట్లాడని మనిషి, కానీ ఆ పాదం అన్నీ చెప్పేది. ఎందరు పిల్లలు నా చక్రాల మీద ఆధారపడి భూమ్మీద పడ్డారో వాళ్ళ అమ్మలకు కూడా తెలియదు. కొన్నేళ్ళకు ఆవిడ మోకాళ్ళు అరిగాయి. బండి నడపడం మానేశారు. నన్ను అమ్మిన రోజున స్టీరింగు మీద చెయ్యి కాసేపు ఉంచి, "బాగా పరుగెత్తేవు," అన్నారు. ఆవిడ నాతో అన్న మాట అదొక్కటే.

కొన్నది రాజమండ్రి దానవాయిపేటలో టైల్స్ కొట్టు ఉన్న త్రినాథరావు గారు. తిన్నగా ఇంటికి తీసుకురాలేదు, అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయించారు. చక్రానికొక నిమ్మకాయ తొక్కించి, పసుపు కుంకాలు పూసి, అద్దం ముందు సత్యదేవుడి బొమ్మ పెట్టారు. ఇంటికి వచ్చాక హైమావతి గారు హారతి ఇచ్చి, నన్ను లోపలా బయటా పరీక్షగా చూశారు. వేలితో డాష్‌బోర్డు మీద గీత గీసి వేలు చూసుకున్నారు. అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది, ఎలాంటి ఇంట్లో అడుగుపెట్టానో.

ఆ ఇంట్లో ఒంటిమీద బట్ట లేని వస్తువు ఉండదు. ఫ్రిజ్జు పిడికి అల్లిన తొడుగు. వాషింగ్ మిషనుకు అంచు కుట్టిన పరికిణీ. సోఫాకు దుప్పటి. ఆ దుప్పటి మాయకుండా దాని మీద ఇంకో దుప్పటి. చుట్టాలు వస్తే పై దుప్పటి తీస్తారు. మరీ దగ్గరి చుట్టాలైతే తీయరు. సోఫా అసలు రంగు ఏమిటో వాళ్ళమ్మాయి మృదులకు కాలేజీలో చేరాక తెలిసింది. ఇదంతా పిసినారితనం అనుకుంటే పొరపాటు. ఒక వస్తువును నమ్మి ఇంట్లోకి తెచ్చుకున్నాక దాన్ని మొదటిరోజులాగే ఉంచడం హైమావతి గారి దృష్టిలో మాట నిలబెట్టుకోవడం లాంటిది.

నా విషయంలోనూ మాట నిలబెట్టుకున్నారు. నాతోపాటు కంపెనీవాళ్ళు ఇచ్చిన పలచటి మ్యాటు మాయకుండా దాని మీద రబ్బరు మ్యాటు వేశారు. రబ్బరు మ్యాటు వానాకాలంలో జారుతోందని, కోనసీమ వెళ్ళినప్పుడు అంబాజీపేటలో కొబ్బరిపీచు మ్యాటు కొని తెచ్చి దాని మీద వేశారు. పీచులో ఇసుక ఇరుక్కుంటోందని, పడకగదిలో మిగిలిన తివాచీ ముక్కను పెడల్స్ చుట్టూ కొలత పెట్టి, దర్జీ కంటే నేర్పుగా కత్తిరించి ఆపైన పరిచారు. ఒక్కొక్కదానికీ మధ్య ఏడాదో ఏడాదిన్నరో. అందుకే ఎవరికీ తేడా తెలియలేదు. నాకు తెలిసింది. నేల దాకా వెళ్ళాల్సిన యాక్సిలరేటరు సగంలోనే మెత్తగా తివాచీకి తగిలి ఆగిపోయేది. త్రినాథరావు గారు కాలు మొత్తం బిగించి తొక్కేవారు. నాకు అందేది అందులో సగం. నేను ఇచ్చేదీ సగమే.

"ఇంజను అలిసిపోయింది," అనడం మొదలుపెట్టారు.

సర్వీసింగుకు పంపితే అక్కడి కుర్రాళ్ళు మ్యాట్లన్నీ తీసి కడిగేవారు, వీధిలో ఓ చుట్టు తిప్పేవారు, "బండి బ్రహ్మాండంగా ఉందండి," అని చెప్పేవారు. ఆ తర్వాత హైమావతి గారి ఆజ్ఞ ప్రకారం రబ్బరుది, పీచుది, తివాచీ, వరస తప్పకుండా పరిచి పంపేవారు. త్రినాథరావు గారు ఇంటిదాకా నడుపుకొచ్చి, "అబద్ధాలకోరులు," అని తేల్చేవారు.

ఊళ్ళో తిరగడానికి సగం తొక్కుడు ధారాళంగా సరిపోతుంది. అందుకే హైమావతి గారికి నాతో ఏ పేచీ ఉండేది కాదు. ఆవిడ డ్రైవింగు నేర్చుకుంది నా మీదే, ఆర్ట్స్ కాలేజీ మైదానంలో. భర్త పక్కన కూర్చుని "క్లచ్చు, క్లచ్చు" అని అరుస్తుంటే చెమటలు పట్టేవి. ఒంటరిగా వచ్చిన రోజున మాత్రం చక్కగా నడిపేవారు. ఆ తర్వాత మధ్యాహ్నం పూట ధవళేశ్వరంలో అక్కగారింటికో, కడియం నర్సరీలకో మేమిద్దరమే వెళ్ళేవాళ్ళం. రెడ్ సిగ్నలు పడితే చిన్నగా పాడుకునేవారు. పాట సిగ్నలు మారేలోపు ఆపేవారు. ఇంట్లో ఆవిడ పాడగా నేను వినలేదు.

ఇలా గుట్టుగా సాగిపోతుండగా కిందటి కార్తీకమాసం వచ్చింది. వనభోజనాలకు మారేడుమిల్లి వెళ్దామన్నారు. ఘాట్ రోడ్డు. త్రినాథరావు గారు కొండ కనబడగానే ఏసీ ఆపేశారు, ఇంజనుకు బలం మిగలాలని. వెనక డిక్కీ నిండా పులిహోర గిన్నెలు, చాపలు, ఉసిరికొమ్మ. రెండో మలుపులోనే నా పని అయిపోయింది. త్రినాథరావు గారు తివాచీని తొక్కుతున్నారు, నేను మూలుగుతున్నాను. వెనక బస్సు హారను మీద హారను. నిండా జనాన్ని ఎక్కించుకున్న జీపొకటి మమ్మల్ని దాటిపోతుంటే, వెనక వేలాడుతున్న పిల్లలు మాకు టాటా చెప్పారు. హైమావతి గారి తమ్ముడు చిట్టిబాబు మందుల కంపెనీ రిప్రజెంటేటివు. నోరే అతని జీవనాధారం. తలుపు తీసుకుని దిగి నా పక్కన నడుస్తూ, "మీరు నిదానంగా రండి బావా! నేను పైకెళ్ళి ఆకులు వేసి పులిహోర వడ్డించేస్తుంటాను," అన్నాడు.

ఆ రోజు త్రినాథరావు గారు పులిహోర మారు వడ్డించుకోలేదు. దిగివచ్చేటప్పుడు ఎవరూ అడగకుండానే, "ఈ బండి ఇచ్చేద్దాం," అన్నారు.

అప్పటినుంచి మా ఇంట్లో చిరుత ప్రవేశించింది. చిరుత అంటే రాబోయే కారు. పరుగుకే పుట్టిన కారు అని కంపెనీవాళ్ళు ఊదరగొడుతున్నారు. దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు లేరు. దాని ఇంజను ఏమిటో కంపెనీ చెప్పలేదు. చెప్పకపోవడమే మావాళ్ళకు వరమైంది. ప్రతి సాయంత్రం కాఫీ గ్లాసులు తెచ్చి నా బానెట్టు మీదే పెట్టుకుని, నా ఎదటే ఆ కారు కడుపులో ఏముందో వాదించుకునేవారు.

"లీటరు టర్బోనే నాన్నా. కచ్చితం," అనేది మృదుల. "ఇప్పుడున్న ఇంజన్ల కంటే బలం బాగా పెంచుతున్నారంట. అందరూ అదే రాస్తున్నారు."

"లీటరంటే మంచినీళ్ళ సీసాడే! సీసాడు ఇంజనుతో ఘాటెక్కుతావా? లీటరున్నర పెడితేనే కొనేది."

"టర్బో ఉంటే లీటరే లీటరున్నర పని చేస్తుంది."

"బక్కోడికి గాలి కొడితే పహిల్వాను అయిపోతాడా?"

"మీరిద్దరూ ఆగండి," అనేవాడు చిట్టిబాబు. "మా పుణె మేనేజరు గారి తోడల్లుడు కళ్ళారా చూసేడు. ఒళ్ళంతా నలుపూ తెలుపూ చారల స్టిక్కర్లతో ముసుగేసి రోడ్డు మీద తిప్పుతున్నారంట. రాత్రనక పగలనక పరీక్షలే. వెనక సైలెన్సరు గొట్టాలు రెండున్నాయంట. రెండు గొట్టాలంటే ఏంటి? బ్యాటరీ కూడా ఉన్న బండని అర్థం!"

"బ్యాటరీకి గొట్టం దేనికి మావయ్యా?"

"అదే నీకు తెలవదు."

"మరి ఆయనకి ఇంజను కనబడిందా?"

"ముసుగులో ఉంటే ఎల్లా కనబడతాదే?"

ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ హైమావతి గారు మెల్లగా అనేవారు, "చూసేరా, అంత పెద్ద కంపెనీవాళ్ళు కూడా కప్పే తిప్పుతున్నారు."

గుర్రాల దగ్గరైతే మాటా మాటా పెరిగింది. ఇంజను బలాన్ని మనుషులు గుర్రాల్లో లెక్కిస్తారు. ఒక్క గుర్రాన్ని కూడా దగ్గరగా చూడనివాళ్ళు దీనికి నూట పది గుర్రాలని ఒకరు, కాదు నూట ముప్ఫై అని ఒకరు గొంతులు చించుకున్నారు. ఆ ఇరవై గుర్రాల తేడా మీద మృదులా చిట్టిబాబూ ఒక వారంపాటు మాట్లాడుకోవడం మానేశారు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నారు హైమావతి గారు. కొట్టులో టైల్స్ కొనడానికి వచ్చినవాళ్ళను కూడా త్రినాథరావు గారు, "మీరేమంటారు, టర్బో నమ్మొచ్చా?" అని అడుగుతున్నారని తెలిసింది. పాపం, వాళ్ళు బాత్రూములో జారని టైల్స్ కోసం వచ్చినవాళ్ళు.

నాకు కోపం రాలేదు. కొత్తదాని మీద మోజు లేకపోతే నన్ను మాత్రం ఎవరు తయారుచేసేవాళ్ళు? కానీ ఒకరోజు ఒక మాట విన్నాను. హైమావతి గారు నా అద్దాలు తుడుస్తూ, "చిరుత వస్తే దాంట్లో గేర్లు ఎల్లా ఉంటాయండి? దీనిలాగే ఉంటాయా?" అని అడిగారు.

"అది నీ చేతికి ఆగదు హైమా," అన్నారు త్రినాథరావు గారు. ప్రేమగానే అన్నారు. "కాలు పెడితే సర్రుమని పోయే బండి. నీకెందుకా బాధ? ఎక్కడికి వెళ్ళాలన్నా నేనో, మృదులో దింపుతాం కదా."

హైమావతి గారు తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచారు. అందులో ఆవిడ ముఖం నాకు దగ్గరగా కనబడింది. నేను పోతే నాతోపాటు ఆ ధవళేశ్వరం మధ్యాహ్నాలు కూడా పోతాయని ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు చెప్పరు, ఇంకొకరు చెప్పలేరు.

దసరాకు నాకు బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, బొట్టు పెట్టారు. దండ వాడకముందే షోరూమునుంచి ఫోను వచ్చింది. చిరుత కోసం ముందుగా పేర్లు రాసుకుంటున్నారట, పాత బండిని ఆదివారం తెచ్చి చూపిస్తే ధర కడతారట. "ఇంజనేదో తేలకుండానేనా?" అంది మృదుల. "పేరు రాయిస్తే తప్పేముంది? బండి ఇచ్చేద్దామని ఎలాగూ అనుకున్నాం," అన్నారు త్రినాథరావు గారు.

ఆ ఆదివారమే, నేను మొదట చెప్పిన రిమోటు గొడవ జరిగిన ఆదివారం.

కవరు చిరిగిన కోపంలో హైమావతి గారు బకెట్టూ బ్రష్షూ పట్టుకుని పోర్టికోలోకి వచ్చారు. కోపం వస్తే ఆవిడ ఏదో ఒకటి కడుగుతారు. నా తలుపులన్నీ బార్లా తెరిచారు.

"ఇప్పుడెందుకే? పది గంటలకల్లా వెళ్ళాలి," అని కిటికీలోంచి భర్త.

"ఎవరింటి గిన్నెనైనా తోమకుండా తిరిగి ఇచ్చేనా ఎప్పుడైనా? ఇన్నేళ్ళు మనల్ని మోసిన బండిని మట్టితో పంపుతానా?"

తివాచీ తీశారు. పీచు మ్యాటు దులిపితే గోదావరి ఇసుక గుప్పెడు రాలింది. రబ్బరు మ్యాటు తీశారు. అన్నిటి అడుగునా నా సొంత మ్యాటు, కాకినాడ నాటిది, మొన్న కొన్నట్టు మిలమిలలాడుతూ ఉంది. హైమావతి గారు దాని మీద వేలితో గీత గీసి వేలు చూసుకున్నారు. మరక లేదు. ముఖంలో ఒక్క క్షణం గర్వం మెరిసింది. ఆ వెంటనే, ఎవరి కోసం ఇంత కాపాడేనో అన్నట్టు కళ్ళు తుడుచుకున్నారు. మూడు మ్యాట్లనూ సబ్బుతో రుద్ది ప్రహరీ గోడ మీద ఆరేశారు.

బయల్దేరేసరికి అవి ఆరలేదు.

"మ్యాట్లు ఏవి?"

"తడిగా ఉన్నాయండి. తడివి వేస్తే అడుగున తుప్పు పడుతుంది."

"పోయే బండికి తుప్పు పడితే మనకేంటి?"

"ఎవరికైనా బండే కదండి," అని హైమావతి గారు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నారు. "నేనూ వస్తాను. దింపి వచ్చేద్దాం." ఆసుపత్రికి మనిషిని తీసుకెళుతున్నట్టు ఉంది ఆ మాట. పక్కన మృదుల. ముందు సీట్లో చిట్టిబాబు, చేతిలో బాదంపాలు సీసా.

ఊరు దాటేదాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. ఊళ్ళో ఆయన కాలు ఎప్పుడూ సుతారమే. హైవే మీద వంతెన ఎక్కే ఎత్తు దూరంగా కనబడగానే త్రినాథరావు గారు అలవాటు ప్రకారం ఏసీ ఆపారు, నడుం సర్దుకున్నారు, పళ్ళు బిగించి కాలు తొక్కారు.

మెట్టు ఉందనుకుని లేనిచోట అడుగు వేస్తే ఎలా ఉంటుందో ఆయన పాదానికి అలా ఉండి ఉంటుంది. ఆగవలసినచోట పెడలు ఆగలేదు. దిగింది, ఇంకా దిగింది, నేలను తాకింది. ఎన్నేళ్ళయిందో ఆ కబురు నాకు అంది! ఇందుమతి గారి ఉత్త పాదం గుర్తొచ్చింది. నాలో ఉన్నదంతా ఒక్కసారి చక్రాల్లోకి దూకింది. బాదంపాలు చిట్టిబాబు చొక్కా మీదికీ, అక్కణ్ణుంచి సత్యదేవుడి బొమ్మ మీదికీ ఎగిరాయి. "నాన్నా!" అని మృదుల, "ఏవండీ!" అని హైమావతి గారు, "ఓరి నాయనో!" అని చిట్టిబాబు. వంతెన పైకి మేము ఎప్పుడు వచ్చామో త్రినాథరావు గారికి తెలియదు. ముందుపోతున్న ఇసుక లారీ వెనక్కి పోయింది.

దిగువకు వచ్చాక నన్ను పక్కకు తీసి ఆపారు.

"యాక్సిలరేటరు తెగిపోయిందర్రా!"

"తెగితే ఆగిపోవాలి నాన్నా. ఇది ఎగిరింది," అంటూ మృదుల దిగి వచ్చి, వంగి తండ్రి కాలి దగ్గర చెయ్యి పెట్టింది. పెడలును అరచేత్తో కిందికి నొక్కి చూసింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. "ఇదింత కిందికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఇక్కడ ఏదో అడ్డం ఉండేది. ఏముండేది?"

అందరూ వెనక్కి తిరిగారు.

"మ్యాట్లే," అన్నారు హైమావతి గారు. "రబ్బరుది. పీచుది. దానిపైన తివాచీది."

"మూడా అమ్మా?"

"కిందిది మాయకుండా పైది."

చిట్టిబాబు బాదంపాలు తుడుచుకుంటున్నవాడల్లా ఆపి పగలబడి నవ్వాడు. "అక్కా! బండికి పావడా, చీర, శాలువా కట్టి, పరుగెత్తలేదని అత్తారింటికి పంపేస్తున్నారా! ఏడాది నుంచీ టర్బోలు, గుర్రాలు! గుర్రాలన్నీ నీ తివాచీ కిందే కట్టేసి ఉన్నాయి కదే!"

త్రినాథరావు గారు నవ్వలేదు. పెడలు వంక చూస్తూ ఉండిపోయి, "రిమోటు," అన్నారు. ఆ ఒక్క మాటే. హైమావతి గారు కిటికీ వైపు తిరిగిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి.

నాకు మాత్రం ఊపిరి వచ్చినట్టయింది. అంతలోనే ప్రమాదం ఇంకో వైపు నుంచి వచ్చింది. "ఒకందుకు మంచిదే బావా," అన్నాడు చిట్టిబాబు. "ఇంత ఊపు మీద ఉందంటే షోరూమువాళ్ళు మంచి ధర కడతారు. పదండి, వాళ్ళు ఎదురుచూస్తుంటారు."

చూశారా మనిషి తెలివి! పరుగెత్తలేదని ఇచ్చేద్దామన్నారు. పరుగెత్తాను కనుక ఇంకా మంచి ధరకు ఇచ్చేద్దామంటున్నారు.

షోరూము కనబడుతూనే ఉంది. త్రినాథరావు గారు బండి తీశారు. ఏసీ వేశారు. షోరూము వచ్చింది, దాని గాజు తలుపుల మీద ముసుగేసిన చిరుత బొమ్మ కూడా కనబడింది. మేము ఆగలేదు. రాజానగరం దాకా వెళ్ళి, అక్కడ వెనక్కి తిప్పుకుని, మళ్ళీ ఆ వంతెనే ఎక్కి ఇంటికి వచ్చేశాం. దారిలో చిట్టిబాబు రెండుసార్లు గుర్తుచేస్తే త్రినాథరావు గారు రెండుసార్లూ, "భోంచేసి చూద్దాం," అన్నారు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మంచిదైనా చెడ్డదైనా ముఖ్యమైన మాట ఏదీ కూర దగ్గర చెప్పరు, పులుసు దగ్గర చెప్పరు. తిండి పాడవకూడదని త్రినాథరావు గారి తల్లి పెట్టిన కట్టడి. పెరుగు వడ్డించాకే చెప్పాలి. అందుకని నేను పోర్టికోలో నిలబడి ఆ జాలీ కిటికీ వైపు చెవి పెట్టి పెరుగు కోసం ఎదురుచూశాను. పెట్రోలు కోసం కూడా నేనంత ఎదురుచూడలేదు.

పనసపొట్టు కూర. ఆవ బాగా పట్టిందని చిట్టిబాబు మెచ్చుకున్నాడు. ముక్కల పులుసు. మృదుల వడియం కొరికిన చప్పుడు. చిట్టిబాబు మారు అన్నం అడిగాడు. ఇలాంటి రోజునే అతనికి అంత ఆకలి వేయాలా? చివరికి పెరుగు గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడైంది. త్రినాథరావు గారు పెరుగన్నం కలుపుతున్నారు. కలుపుతూనే ఉన్నారు.

"బండి ఇవ్వటం లేదు," అన్నారు.

నా రేడియేటరులో నీళ్ళు చల్లబడ్డాయి. ఒంట్లో ఉన్న ప్రతి మరా ఒక చుట్టు వదులైంది.

"మరి చిరుతో?" అన్నాడు చిట్టిబాబు.

"రానీ. ముందు దానికి ఇంజనేదో వాళ్ళని తేల్చుకోనీ. ఉన్నదాని ఇంజనేంటో మనకివాళే తెలిసింది." కాస్త గొంతు తగ్గించి, "హైమా, నేను నిన్నేమీ అనటం లేదు," అన్నారు.

"అనండి. అనవలసిందే," అన్నారు హైమావతి గారు. "కానీ పెరుగు దగ్గర నాదీ ఒక మాట ఉంది. ఈ కార్తీకానికి మారేడుమిల్లి వెళ్దాం. బండి నేను నడుపుతాను."

చెంచా పళ్ళానికి తగిలి ఆగింది.

"ఘాటా? నువ్వా?"

"నేనే. ఏసీ ఆపను. వేసే ఎక్కిస్తాను."

మృదుల ఈలవేసింది. ఆడపిల్ల భోజనాల దగ్గర ఈల వేస్తే ఆ ఇంట్లో ఊరుకోరు. ఆ రోజు ఊరుకున్నారు. "అక్కా, నేను వెనక నడిచి రావాలా, ముందు నడిచి వెళ్ళాలా?" అన్నాడు చిట్టిబాబు.

"నువ్వు డిక్కీలో పులిహోర గిన్నె పట్టుకుని కూర్చోవాలి. ఒలికితే ఊరుకోను."

త్రినాథరావు గారు నవ్వేశారు. పొద్దుటినుంచి ఆయన నవ్వడం అదే మొదలు. "సరే. నువ్వే ఎక్కించు. కానీ నా మాట ఒకటి వినాలి. పెడల్ కింద ఇంక ఏమీ పరవద్దు."

"పరవనండి. ఆలోచించే పెట్టేను. రబ్బరుది పెరటి కుళాయి దగ్గరికి. పీచుది వీధి గుమ్మంలోకి."

"మూడోది?"

"తివాచీయా?" అన్నారు హైమావతి గారు, మజ్జిగ వంచుకుంటూ. "ఆరేక మడతపెట్టి బీరువాలో దాస్తాను. చిరుత ఎప్పటికైనా వస్తుంది కదా. కొత్త బండి, మాసిపోదూ?"

లోపల ఎవరి నవ్వు ఎవరిదో తెలియకుండా కలిసిపోయింది. ప్రహరీ గోడ మీద తివాచీ ముక్క ఎండకు హాయిగా ఆరుతోంది. ఏడాదంతా నేను అసూయపడ్డ ఆ పుట్టని బండి మీద నాకు మొదటిసారి జాలి వేసింది. లీటరో, లీటరున్నరో, నూట పది గుర్రాలో, నూట ముప్ఫయ్యో, ఏం పెట్టుకుని వస్తుందో రానీ పాపం.